శివాలయం బోరు నీళ్లు పరీక్షకు పంపిన నా అనుభవం

మా ఊళ్లో నీళ్లు మంచివో కావో తేల్చేది కందిపప్పు. రెండు మూడు విజిల్స్‌కే మెత్తగా ఉడికితే మంచి నీళ్లు, ఎంతసేపు ఉంచినా పలుకు తగిలితే చెడ్డ నీళ్లు. ఆ తర్వాతి పరీక్ష సబ్బు నురగ, ఆ తర్వాత నాలుక. ఈ మూడింట్లోనూ శివాలయం పక్కనున్న బోరుదే ఫస్ట్ ర్యాంకు. తెల్లారకముందే అక్కడ బిందెలు, క్యాన్లు బారులు తీరతాయి. పక్క ఊళ్ల నుంచి కూడా బండ్ల మీద వచ్చి పట్టుకెళ్తారు.

మాది పాత ప్రకాశం జిల్లాలో పడమటి వైపు ఊరు. ఈ వైపు నీళ్లకు పెద్ద చరిత్రే ఉంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు గురించి మన దేశంలో వైద్యులు మొదటిసారి పరిశోధన పత్రం రాసింది 1937లో. వాళ్లు చూసిన రోగులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా వాళ్లు, అంటే దర్శి, పొదిలి వైపు పల్లెల వాళ్లు. ఆ పల్లెలు తర్వాత 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. ఇంత దగ్గర కథ మా ఊళ్లో ఎవరికీ తెలీదు. ఫ్లోరైడ్ అనగానే "అది నల్లగొండ వాళ్ల బాధ కదా" అంటారు. టీవీల్లో చూపించింది అదే మరి.

ఊళ్లో తాగునీటికి మూడు దారులున్నాయి. ఒకటి పంచాయతీ కుళాయి. సాగర్ కాలువ నీళ్లతో నింపే సమ్మర్ స్టోరేజీ చెరువు నుంచి వడపోసి, బ్లీచింగ్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తారు. వాసన వస్తుందని ఆ నీళ్లను చాలామంది అంట్లకీ స్నానాలకీ వాడతారు. రెండోది స్కూలు దగ్గర బోరు, ఉప్పన. మూడోది శివాలయం బోరు. ఎవరో దాత కట్టుకున్న మొక్కు తీర్చుకోవడానికి వేయించింది.

మా అమ్మాయికి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. ముందుపళ్ల మీద సుద్దలాంటి తెల్లటి అడ్డచారలు, ఒక పంటి అంచున గోధుమరంగు మచ్చ. పేస్టు మార్చమని ఒకరు, బొగ్గుతో తోమించమని ఇంకొకరు. టౌన్లో పళ్ల డాక్టరమ్మ మాత్రం పేస్టు సంగతే ఎత్తలేదు. "ఏ నీళ్లు తాగుతారమ్మా?" అని అడిగింది. పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళ్తే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదట. పన్ను బయటికి వచ్చాక ఆ చార తోమితే పోయేది కాదు. పెద్దవాళ్లు అవే నీళ్లు తాగినా పళ్లకు కొత్తగా చారలు రావు, వాళ్లకు వచ్చేవి కీళ్ల బాధలు. ఆ చివరి మాట విన్నప్పుడు నాకు మా అత్తయ్య గుర్తొచ్చింది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పుతుంది ఆవిడ. అయితే దానికి కారణం నీళ్లేనని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. వయసు వల్ల కూడా అయ్యుండొచ్చు.

డాక్టరమ్మ చీటీ మీద మందు పేరు రాసే చోట 'వాటర్ టెస్ట్' అని రాసిచ్చింది. ఆ చీటీ పట్టుకుని ఏ షాపుకెళ్లాలి?

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్యూరిఫయర్లు అమ్మే కుర్రాళ్లు ఊళ్లోకి దిగారు. రచ్చబండ దగ్గర టేబుల్ వేసి రెండు గాజు గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో పంచాయతీ కుళాయి నీళ్లు, రెండోదాంట్లో వాళ్ల మెషీన్ నీళ్లు. రెండింట్లోనూ లోహపు ఊచలు ముంచి కరెంటు ఇచ్చారు. కాసేపటికే కుళాయి నీళ్లు బురద రంగుకు తిరిగి పైన తెట్టె కట్టాయి. మెషీన్ నీళ్లు తేటగా అలాగే ఉన్నాయి. "మీరు రోజూ తాగే విషం ఇదేనండీ" అన్నాడు కుర్రాడు. ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ గ్లాసులో జరిగింది పదో తరగతి పాఠం. కరిగిన లవణాలుంటే నీళ్లలోంచి కరెంటు పారుతుంది. పారితే ఇనుప ఊచ కొద్దికొద్దిగా కరిగి తుప్పు రంగు తేలుతుంది. మెషీన్ నీళ్లలో లవణాలు దాదాపు లేవు కాబట్టి కరెంటూ పారలేదు, ఊచా కరగలేదు. ఆ బురద ఊచది, నీళ్లది కాదు. నేను ఊరి పిల్లలకు లెక్కలు, సైన్సు ట్యూషన్ చెబుతాను. మా పదో తరగతి పిల్లాడొకడు ముందుకెళ్లి ఆ తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కరెంటు పెట్టమన్నాడు. కుర్రాడు కాసేపు నసిగి, అందరూ చూస్తున్నారని పెట్టాడు. ఈసారి ఆ గ్లాసు మొదటిదానికంటే ఎర్రగా తిరిగింది. మోసం బయటపడింది, ఇక టేబుల్ ఎత్తేస్తారనుకున్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది: "మంచి నీళ్లలో ఉప్పేస్తే పాడవ్వవా ఏంటి?" అందరూ తలూపారు. ఆ సాయంత్రం మెషీన్లు బాగానే బుక్ అయ్యాయి.

ఆ తర్వాత టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతున్నాయో చూపించే పెన్ను తీశాడు. కుళాయికి నాలుగు వందల పైచిలుకు, శివాలయం బోరుకు ఐదు వందల పైచిలుకు, స్కూలు బోరుకు వెయ్యి దాటి చూపించింది. వంద లోపు ఉంటేనే తాగొచ్చని చెప్పాడు. ఏ పుస్తకంలో చదివాడో! మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటుంది. పైగా ఆ పెన్ను నిజంగా కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో అంతే. దాన్నిబట్టి లవణాలన్నీ కలిపి ఇంత ఉండొచ్చని ఒక అంకె చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలీదు, సూక్ష్మజీవుల సంగతి అసలే తెలీదు. బియ్యం బస్తా తూచి అందులో రాళ్లెన్నో చెప్పమంటే కాటా ఏం చెబుతుంది?

మెషీన్ కొనలేని వాళ్లు ఆ రోజు నుంచి కుళాయి నీళ్లు మానేశారు. వాసనైనా ఉండదని శివాలయం బోరుకే వెళ్లడం మొదలుపెట్టారు. లైను ఇంకా పొడుగైంది.

నేను చీటీ తీసుకుని గ్రామ సచివాలయానికి వెళ్లాను. ఇంజనీరింగ్ అసిస్టెంట్ మంచి కుర్రాడే, బీటెక్ చదివాడు. ఫోన్లో చూసి చెప్పాడు, "మన ఊరి సోర్సులన్నీ టెస్ట్ అయ్యాయి మేడం, ఓకే అనే ఉంది."

"ఏది ఓకే బాబూ? ఫ్లోరైడ్ ఎంతుంది?"

"టీడీఎస్ రెండు వేల లోపే ఉంది కదా మేడం. అంటే అన్నీ ఓకేనే."

బీటెక్ చదివిన అతనికీ, రచ్చబండ దగ్గర మెషీన్లు అమ్మిన కుర్రాడికీ తెలిసిన సైన్సు ఒకటే అంకె. ఒకరు వంద అన్నారు, ఒకరు రెండు వేలు అన్నారు, తేడా అంతే. శివాలయం బోరు సంగతి అడిగితే లిస్టు మొత్తం వెతికాడు. లేదు. దాత వేయించినది, పంచాయతీది కాదు కాబట్టి వాళ్ల సోర్సుల్లో అది రాదట. ఊళ్లో సగం మంది తాగే నీళ్లు ప్రభుత్వం లెక్కల్లో లేవు! "గుడి కమిటీ వాళ్లనడగండి మేడం" అన్నాడు. కమిటీ పెద్దలనడిగితే "శివుడి పక్క నీళ్లకు పరీక్షేంటమ్మాయ్" అన్నారు.

దారి చూపించింది మా వీధిలో డ్వాక్రా లీడరుగా చేసిన వదిన. ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వడానికి 2019 ఆగస్టు 15న మొదలైన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్షల్లో శిక్షణ ఇవ్వాలని ఉంది. మా ఊరి నుంచి వెళ్లిన వాళ్లలో వదిన ఒకతి. చదివింది ఏడో తరగతి. బీరువా మీద నుంచి నీలం పెట్టె దించి చూపించింది. చిన్న చిన్న సీసాలు, టెస్ట్ ట్యూబులు, రంగుల చార్టు. ఫ్లోరైడ్ మందు చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగులో ఉండిపోతే మంచిది, పసుపుకు తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు.

"గుడి నీళ్లు నేనెప్పుడో చూశానమ్మాయ్. పచ్చి పసుపు" అంది. నోటు పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టుకుంది కూడా. "మరి ఎవరికీ చెప్పలేదా వదినా?" అంటే, ఫోన్ యాప్‌లో ఎక్కించబోతే అక్కడ ఊరి సోర్సుల పేర్లే వచ్చాయట, గుడి బోరు పేరు లేదు. పేరు లేనిదాని రంగు ఎక్కడ ఎక్కిస్తుంది? సమావేశంలో చెబితే "కిట్ రంగులు నమ్మలేం" అన్నారట. ఆ మాటలో కొంత నిజముంది. కిట్ ఉజ్జాయింపుగానే చెబుతుంది, మందుల గడువు దాటితే రంగు సరిగ్గా రాదు. కానీ కిట్‌లో అనుమానం వస్తే శాంపిల్ ల్యాబ్‌కు పంపాలన్నదే నియమం. మన వాళ్లు మొదటి సగం గుర్తుపెట్టుకున్నారు.

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్షల ల్యాబులున్నాయి. మామూలు జనం కూడా సొంతంగా శాంపిల్ తీసుకెళ్లి నామమాత్రపు ఫీజుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఇది నాకు వదిన చెప్పేదాకా తెలీదు. ల్యాబుకు ఫోన్ చేస్తే ఎత్తిన ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన ఘట్టం ఇదే కాబట్టి వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

రసాయన పరీక్షలకు శుభ్రమైన ప్లాస్టిక్ క్యాను కావాలి. కూల్‌డ్రింక్ సీసా, నూనె డబ్బా పనికిరావు. బోరును కాసేపు వదిలేసి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక పట్టాలి. పట్టే ముందు అవే నీళ్లతో క్యానును రెండు మూడు సార్లు తొలిచి, గాలి లేకుండా నిండా నింపి మూత బిగించాలి. ఎక్కడి నీళ్లు, ఏ తేదీ, ఎన్నింటికి పట్టాం, బోరు లోతెంత అన్నీ చీటీ మీద రాయాలి. బ్యాక్టీరియా పరీక్షకు పద్ధతి పూర్తిగా వేరు. ల్యాబ్ వాళ్లే సూక్ష్మజీవులు లేకుండా చేసిన సీసా ఇస్తారు. దాన్ని తొలవకూడదు. అందులో ముందే ఒక రసాయనం వేసి ఉంటుంది. బ్లీచింగ్ వల్ల నీళ్లలో ఉండే క్లోరిన్‌ను అది అక్కడికక్కడే విరిచేస్తుంది, లేకపోతే దారిలో క్లోరిన్ పనిచేసి ఫలితం మారిపోతుంది. కుళాయి మూతిని మంటతో కాల్చి, నీళ్లు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టాలి. ఐస్ పెట్టెలో పెట్టి వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలో 24 గంటల లోపు ల్యాబుకు చేర్చాలి.

వదినా నేనూ కలిసి మూడు చోట్లా పట్టాం. కుళాయి నీళ్లు మాత్రం రెండు చోట్ల తీసుకుందాం అంది వదిన. ఒకటి ట్యాంకు కింద, ఇంకోటి ఊరి చివర ఎస్సీ కాలనీలో పైపు ఆఖరయ్యే చోట. "ట్యాంకు దగ్గర బానే ఉంటాయిలే, అక్కడికి చేరేసరికి ఎట్టుంటాయో చూడాలి" అంది. ఆ ఆలోచన నాకు రాలేదు, పుస్తకంలో చదివిన సైన్సు అంతే మరి. శాంపిళ్లు పడుతుంటే చుట్టూ పిల్లలు మూగారు. ఒక తాతయ్య మాత్రం మేము మెషీన్ కంపెనీ తరఫున వచ్చామని గట్టిగా నమ్మి ధర అడిగాడు.

ల్యాబులో ఆవిడ మమ్మల్ని పక్కన నిలబడి చూడనిచ్చింది. కాఠిన్యం, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎంతున్నాయో చూసే పరీక్షలో నీళ్లకు రంగు కలిపి, పై గొట్టంలోంచి చుక్కచుక్కగా మందు వదులుతుంటే ద్రాక్షరంగు ఉన్నట్టుండి నీలమైపోతుంది. శివాలయం నీళ్లు కొద్ది చుక్కలకే నీలమయ్యాయి. స్కూలు బోరు నీళ్లకు మందు పోస్తూనే ఉంది. ఫ్లోరైడ్‌కు వేరే మీటరు, దానికో ప్రత్యేకమైన ఎలక్ట్రోడ్. వదిన కళ్లు పెద్దవి చేసుకుని చూస్తూ, "మా పెట్టెలో పసుపు అంటే ఇక్కడ ఎంత వస్తుంది మేడం?" అని అడిగింది. ఆవిడ పని ఆపి మరీ వదినకు చార్టు వివరించింది.

బ్యాక్టీరియా పరీక్షకు సమయం పడుతుంది కాబట్టి రిపోర్టులు తర్వాత వచ్చాయి. శివాలయం బోరులో ఫ్లోరైడ్ లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు దాటింది. ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. మిగతా గళ్లన్నీ ముచ్చటగా ఉన్నాయి. టీడీఎస్ పర్వాలేదు, కాఠిన్యం చాలా తక్కువ, నైట్రేట్ పరిమితిలోనే. స్కూలు బోరులో ఫ్లోరైడ్ 1 లోపే, కానీ నైట్రేట్ 45 దాటింది. దానికి ఐఎస్ ప్రమాణంలో సడలింపే లేదు. ఎరువుల నుంచీ మరుగుదొడ్ల గుంతల నుంచీ దిగుతుంది అది, చంటిపిల్లలకు మరీ ప్రమాదం. కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ అర మిల్లీగ్రాము లోపే. ఊరంతా ముక్కు మూసుకునే నీళ్లే మూడింట్లోకీ మంచివి. కాకపోతే వదిన పట్టుబట్టి తీయించిన ఎస్సీ కాలనీ శాంపిల్‌లో, మురుగు కలిసిందేమోనని అనుమానించాల్సిన కోలిఫాం బ్యాక్టీరియా దొరికింది. అక్కడికి చేరేసరికి క్లోరిన్ మిగల్లేదు. కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి.

బ్లీచింగ్ వాసన వచ్చే వీధుల వాళ్లు ఆ నీళ్లను పారబోస్తున్నారు. వాసన రాని వీధిలో "మా కుళాయి నీళ్లు కమ్మగా ఉంటాయి" అని తాగుతున్నారు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది కందిపప్పు సంగతి. తియ్యటి నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకుందని ల్యాబ్ ఆవిడను అడిగాను. మన వైపు గ్రానైటు జాతి రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంటుంది, నీళ్లు వాటిని ఒరుసుకుని ఎంతకాలం నిలిస్తే అంత దిగుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని, తేలిగ్గా కరగని పదార్థంగా మార్చి కిందికి దించేస్తుంది. కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లలో పట్టుకునేవాళ్లు లేక అది నీళ్లలోనే తిరుగుతుంది. పప్పు త్వరగా ఉడికేది కూడా కాల్షియం తక్కువున్న నీళ్లలోనే. మెత్తటి నీళ్లన్నిటిలో ఫ్లోరైడ్ ఉంటుందని కాదు, మా కుళాయి నీళ్లు ఉన్నాయిగా. కానీ మా వైపు రాతిలో, అంత లోతు బోరులో మటుకు పప్పు ఫస్ట్ ర్యాంకు ఇచ్చిన కారణమే ఫ్లోరైడ్ మిగిలిపోవడానికీ కారణం. రుచి చూసి పట్టుకోవడానికి ఆ మోతాదులో దానికి రుచీ లేదు, వాసనా లేదు.

ఇంతలో ఇంకో అనుమానం. ఇన్నేళ్లుగా ఈ సంగతి ఆఫీసుకు తెలీదా? సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టాను. పది రూపాయల ఫీజు, తెల్లకాగితం, ముప్పై రోజుల గడువు. 'మా ఊరి తాగునీటి సోర్సుల పాత పరీక్ష ఫలితాల నకళ్లు ఇవ్వండి' అని ఒకే వాక్యం రాశాను. ఎందుకు, ఎవరు బాధ్యులు అని రాస్తే ఆ ప్రశ్నలు సమాచారం కిందికి రావని తిప్పి పంపే వీలుంటుంది. ఉన్న కాగితాల నకళ్లు అడిగితే తప్పించుకోవడం కష్టం. గడువు చివర్లో జిరాక్సులు వచ్చాయి. వాటిలో శివాలయం దగ్గర ఒకప్పుడున్న పంచాయతీ చేతిబోరింగు పేరు కనిపించింది. ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉన్నట్టు, తాగొద్దని ఎర్ర రంగు వేసినట్టు రాసి ఉంది.

ఆ బోరింగు మా ఆయనకు గుర్తుంది. చిన్నప్పుడు దాని దగ్గర గోళీలు ఆడుకున్నాడట. ఎర్రగా ఉండేదని ఊళ్లో పెద్దవాళ్లందరికీ గుర్తే, ఎందుకు ఎర్రగా ఉండేదో ఒక్కరికీ తెలీదు. రంగు వేసినవాళ్లు పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. తర్వాత బోరింగు పాడైంది, పీకేశారు. దాతగారొచ్చి దాని పక్కనే ఇంకా లోతుగా బోరు వేయించారు.

జిరాక్సులూ రిపోర్టులూ పట్టుకుని గ్రామసభలో కూర్చున్నాం. కమిటీ పెద్దాయన లేచారు, "మా నాన్న ఈ గుడి నీళ్లే తాగి తొంభై ఏళ్లు బతికాడమ్మా. ఏ రోగం రాలేదు." సభ అంతా చప్పట్లు. వదిన కూర్చున్నచోటి నుంచే అడిగింది, "మీ నాయన పోయాక గదా బాబాయ్ ఈ బోరు పడింది? ఆయన తాగింది కోనేటి పక్క బావి నీళ్లు." పెద్దాయన కూర్చున్నారు గానీ ఒప్పుకోలేదు. ఇంకొకాయన, తిరుపతి నుంచి వచ్చిన బంధువుల పిల్లలక్కూడా పళ్ల మీద మచ్చలున్నాయి, వాళ్లు ఈ నీళ్లు తాగారా అని అడిగాడు. అది మంచి ప్రశ్న. పళ్ల మచ్చలకు వేరే కారణాలూ ఉంటాయి, అందుకే పళ్లు చూసి కాకుండా నీళ్లు కొలిచి చెబుతున్నామని అన్నాను. విన్నట్టే ఉన్నాడు.

అప్పుడు వేదిక మీదున్న ఒక అధికారి మైకు తీసుకుని, "ఎవరూ కంగారు పడొద్దు, నీళ్లు కాచి చల్లార్చి తాగండి" అన్నారు. ఈ మాట ఆఫీసుల గోడల మీద పోస్టర్లలో చూసీ చూసీ నోటికొచ్చేసింది అందరికీ. కలరాకూ విరేచనాలకూ అది మంచి సలహా. ఫ్లోరైడ్ మరిగితే పోదు. నీళ్లు ఆవిరై తగ్గితే, మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నేను లేచి చెబుతుంటే ఆయన "మేడం గారూ, మీరు నెగెటివ్‌గా మాట్లాడుతున్నారు" అన్నారు. పటిక తిప్పితే పోతుందా అని ఒకావిడ అడిగింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి నిజంగానే ఉంది, దాని పేరే నల్లగొండ టెక్నిక్, నాగ్‌పూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. కానీ ఏ నీళ్లకు ఎంత అనేది పరీక్షించి, కొలిచి వేయాలి. బిందెలో పటిక ముక్క తిప్పితే అయ్యేది కాదు.

సభలో ఏదీ తేలలేదు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం, రిపోర్టులు జత చేసి. రసీదు నంబరు వచ్చింది. కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్: 'మీ సమస్య పరిష్కరించబడింది.' ఊళ్లో ఎక్కడా ఏమీ జరగలేదు! విచారిస్తే, 'సదరు బోరు పంచాయతీకి చెందదు' అని రాసి మూసేశారు. మళ్లీ తెరిపించాం. ఈసారి అర్జీ మార్చాం. బోరు ఎవరిది అన్న గొడవ వదిలేసి, ఎస్సీ కాలనీ కుళాయిలో బ్యాక్టీరియా ఉందని, అది పంచాయతీ పైపేనని ముందు రాసి, శివాలయం బోరును రెండో పేరాలో పెట్టాం. దానికి మాత్రం కదిలారు. బ్యాక్టీరియా అంటే రేపు ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే పేపర్లో వస్తుంది. ఫ్లోరైడ్ మనిషిని ఏళ్ల తరబడి వంచుతుంది, అది ఏ ఒక్కరోజు వార్తా కాదు. ఇది నా ఊహే, కానీ గట్టి ఊహ.

నీటి సరఫరా విభాగం అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు స్వయంగా వచ్చారు. మురిక్కాలువ కింద నుంచి పోయే చోట పైపు జాయింటు పగిలి ఉంది. మార్చారు. గుడి బోరు చూసి, రిపోర్టు చదివి, ఆయనే గుడి కమిటీతో మాట్లాడారు. మూయించలేదు, 'ఈ నీళ్లు వాడకానికి మాత్రమే, తాగరాదు, ఫ్లోరైడ్ ఎక్కువ' అని బోర్డు పెట్టించారు. మేమంతా చెబితే శివుడి మీద నింద, ఆయన చెబితే ఇంజనీరు మాట. నాకు కోపం వచ్చింది గానీ బోర్డు అయితే నిలబడింది.

మెషీన్లు కొన్నవాళ్ల సంగతి చెప్పాలి. ఆర్వో మెషీన్ ఫ్లోరైడ్‌నూ నైట్రేట్‌నూ బాగానే తీసేస్తుంది. అంటే దాని అవసరం గుడి బోరు నీళ్లకుంది. కొన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని కుళాయికి తగిలించారు. పక్కింటి వాళ్లొక్కరే గుడి నీళ్లు తెచ్చి మెషీన్‌లో పోస్తున్నారు. వదిన ఆ నీళ్లకూ కిట్ పెట్టి చూసింది. గులాబీ రావాల్సింది కాస్తా పసుపు ఛాయ కొట్టింది. చూస్తే, నీళ్లు చప్పగా ఉన్నాయని మెకానిక్‌తో 'టీడీఎస్ కంట్రోలర్' తిప్పించారట. అది తిప్పితే వడకట్టని నీళ్లు కొన్ని పక్కదారిన వచ్చి కలుస్తాయి, ఫ్లోరైడ్‌తో సహా. ఆ మర కట్టేయించాక మళ్లీ పరీక్షిస్తే గులాబీ వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో తాగేది కుళాయి నీళ్లు. రాత్రి బిందెలో పట్టి మూతపెడితే తెల్లారేసరికి వాసన చాలావరకు పోతుంది. అత్తయ్య మొదట్లో ముఖం చిట్లించింది, ఇప్పుడు తాగుతోంది. పప్పుకు మాత్రం గుడి నీళ్లే కావాలని దొంగతనంగా చెంబు పంపిస్తుంది. వండే నీళ్లూ కడుపులోకే కదా అత్తయ్యా అంటే, "నువ్వూ నీ సైన్సూ" అంటుంది. గుడి దగ్గర లైను తగ్గింది గానీ పోలేదు. పక్క ఊరి వాళ్లు బోర్డు ముందే బండి ఆపి క్యాన్లు నింపుకుంటున్నారు.

వదిన వారానికోసారి ఊరి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చుక్కలు వేసి రంగు చూసి, అంకె స్కూలు గోడ మీద సుద్దతో రాస్తోంది. మా ట్యూషన్ పిల్లలు వంతులేసుకుని వెంట వెళ్తున్నారు. స్కూలు బోరు నైట్రేట్ సంగతి ఇంకా తేలలేదు. మధ్యాహ్న భోజనం వండేది ఆ నీళ్లతోనే. వానాకాలం వెళ్లాక అక్కడ మళ్లీ శాంపిల్ తీసి, ఈసారి హెడ్మాస్టర్ గారి సంతకంతోనే అర్జీ పెట్టాలని చూస్తున్నాం. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.